మంచుచిరుతను చూడబోవుటకు ఏ మాసము మంచిది?

హైదరాబాదులో వన్యమృగములయందు ప్రీతిగలవారు నలుగురు కూడినచోట, కవ్వాలు, నల్లమల, తాడోబా అడవులను చూచివచ్చిన ముచ్చట్లు ముగిసిన పిమ్మట, తప్పక వచ్చు ప్రశ్న యొకటి కలదు: లడాఖులో మంచుచిరుతను చూడవలెనన్న ఏ నెలలో పోవలెను, ఎన్ని దినములు సెలవు పెట్టవలెను, శంషాబాదులో విమానమెక్కినవాడు లేహ్‌లో దిగిన మరునాడే కొండలలోనికి పోవచ్చునా? ఇందు మొదటి ప్రశ్న జంతుశాస్త్రమునకును, చివరిది శరీరశాస్త్రమునకును చెందినవి. నడుమనున్న సెలవు లెక్క ఆ రెండింటి సమాధానముల నుండి పుట్టవలెను గాని, మన కార్యాలయపు క్యాలెండరు నుండి కాదు. అయినను మనలో పెక్కుమంది చేయునది దీనికి సరిగా వ్యతిరేకము. దసరాకో వేసవికో దొరికిన సెలవులను ముందు ఖాయపరచుకొని, టిక్కెట్లు కొని, అటుపిమ్మట గాని ఆ రోజులలో మృగము కనబడునా, తమ ఊపిరి ఆ కొండగాలికి తాళునా యని విచారింపరు. ఈ అధ్యాయములో ఆ వరుసను తలక్రిందులు చేసి, ముందు గాలిని, పిదప నెత్తురును, ఆపైన మృగముల రాకపోకలను తెలిసికొని, కట్టకడపట సెలవు లెక్కకు వత్తము.

ఒకే రేఖపై రెండు ఊళ్లు

భారతదేశపు పటమును విప్పి చూచినచో, శంషాబాదును లేహ్ పట్టణమును ఇంచుమించుగా ఒకే ఉత్తరదక్షిణ రేఖపై నున్నట్లు కనబడును. తూర్పు రేఖాంశము 78 డిగ్రీలకు రవంత అటు మన విమానాశ్రయము, రవంత ఇటు లేహ్. అక్షాంశమందు మాత్రము మనము 17 డిగ్రీల యొద్దనుండగా లేహ్ 34 డిగ్రీల యొద్దనున్నది. అనగా భూమధ్యరేఖకు మనమెంత దూరమో, మనకు ఆ ఊరు మరల నంత దూరము. రేఖ వెంబడి తిన్నగా కొలిచిన సుమారు 1,900 కిలోమీటర్లు. గడియారము మార్చుకొనవలసిన పని లేదు. డిసెంబరు నెలలో పగలు మాత్రము అక్కడ మనకంటె గంటకు పైగా తక్కువ.

అయితే ఈ ప్రయాణములో మనిషిని బాధించునది ఉత్తరమునకు పోయిన దూరము కాదు, మీదికి పోయిన దూరము. 2008 మార్చిలో బేగంపేట నుండి తరలివచ్చిన మన విమానాశ్రయము సముద్రమట్టమునకు 617 మీటర్ల ఎత్తున నున్నది. లేహ్ విమానాశ్రయము 3,256 మీటర్ల ఎత్తున నున్నది. ఢిల్లీలో విమానము మారి, అక్కడ నుండి గంటకు పైచిలుకు ప్రయాణముతో, మన పూర్వులు మాసముల తరబడి నడిచి ఎక్కవలసిన ఎత్తును కూర్చున్నచోటనే చేరుదుము. ఆ వేగమే సౌకర్యము, ఆ వేగమే ప్రమాదము.

బొంతల దొంతర

ఎత్తు పెరిగినకొలది గాలి పలుచబడునని బడిలో అందరమును చదివినదే. ఏల పలుచబడును? చలికాలము గడచిన పిమ్మట ఇంటిలోని దూదిబొంతలనన్నిటిని మడిచి, ఒకదానిపై నొకటి పేర్చి గది మూలనుంచుట మనకు వాడుక గదా. పది బొంతల దొంతరలో అన్నిటికంటె అడుగునున్నది పైతొమ్మిదింటి బరువును మోయుచు అణగి, గట్టిపడి, పలకవలె నుండును. అన్నిటికంటె పైనున్నది ఏ బరువును లేక ఉబ్బి, పొంగి, చేయి పెట్టిన దిగబడునట్లుండును. రెండింటిలోను కుట్టిన దూది ఒక్కటే, దూది తూకమును ఒక్కటే. కాని అడుగు బొంతలో బెత్తెడు మందమున ఉన్నంత దూది, పైబొంతలో మూరెడు మందమునకు గాని దొరకదు. భూమిని చుట్టియున్న వాయువు అట్టి దొంతరయే. సముద్రతీరవాసులు దాని అడుగు పొరలోను, మనము దానికి కొంచెము పైనను, లేహ్ ప్రజలు మరి కొన్ని పొరల పైనను నివసించుచున్నాము.

ఇందు గ్రహింపవలసిన సూక్ష్మమొకటి కలదు. కొండలపై గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గునని పలువురు భ్రమపడుదురు. ఆ పాలు ఎక్కడనైనను నూటికి 21 వంతులే. దూది గుణము మారదు, దాని దట్టమే మారును. సముద్రతీరమందలి వాయుపీడనమును నూరనుకొన్నచో, శంషాబాదులో అది సుమారు 93, లేహ్‌లో మూడింట రెండు వంతులు, చాంగ్‌థాంగ్ పీఠభూమిపై 4,500 మీటర్ల ఎత్తుననున్న త్సో కార్ సరస్సు ఒడ్డున సగము కంటె కొంచెము ఎక్కువ. కావున అక్కడ గుండె నిండ పీల్చిన ఊపిరిలోను ప్రాణవాయువు మనకు అలవడినదానిలో సగమునకు కొంచెము పైమాటయే. లేహ్‌లో నీరు 90 డిగ్రీల వేడికి లోపుననే మరగిపోవుటయు, కందిపప్పు కుక్కరు లేనిదే ఉడుకకుండుటయు ఈ పీడనలోపము వలననే. వంటింటిలో పప్పునకు తెలిసినది వచ్చినవాని దేహమునకు తెలియకుండునా?

విమానములో కూర్చున్నంతసేపు ఈ మార్పు పూర్తిగా తెలియదు. విమానపు గదిలోని గాలిని యంత్రములు అదిమి, సుమారు 2,400 మీటర్ల ఎత్తుననుండు స్థితికి మించి పలుచబడకుండ నిలుపును. లేహ్‌లో తలుపు తెరచినపుడు ప్రయాణికుడు దిగుచున్నది నేలమీదికే అయినను, అతని ఊపిరితిత్తుల దృష్టిలో అది మరియొక మెట్టు పైకెక్కుట. ఈ సంగతిని మొదట విన్నప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యము ఇంకను తగ్గలేదు.

నెత్తురు నేర్చుకొను పాఠము

పలుచని గాలి సోకిన క్షణము నుండి శరీరము ఊరకుండదు. మెడలోని పెద్ద నాడుల చెంతనుండు చిన్న గ్రంథులు నెత్తుటిలో ప్రాణవాయువు తగ్గినదని కనిపెట్టి శ్వాసను త్వరపెట్టును. గుండె వడిగా కొట్టుకొనును. త్వరగా ఊపిరి విడుచుటచే బొగ్గుపులుసు వాయువు అధికముగా బయటికి పోయి, నెత్తురు క్షారగుణము పొందును. దానిని సరిదిద్దుటకు మూత్రపిండములు రెండు మూడు దినముల కాలము తీసికొనును. ఆ సవరణ జరుగువరకు నిద్రలో శ్వాస తడబడును, తల నొచ్చును, అన్నము సహింపదు. క్రొత్త రక్తకణములు పుట్టి, ప్రాణవాయువును మోయు హిమోగ్లోబిన్ పెరుగుటకు వారములు పట్టును. పది పన్నెండు రోజులకై పోవు యాత్రికునకు ఆ చివరి మేలు అందదు గనుక, అతడు ఆశ్రయింపదగినది మొదటి రెండు మూడు దినముల సవరణనే. ఆ దినములను విశ్రాంతికై విడువకపోవుట తన కాలిని తాను నరకుకొనుటయే.

ఈ విషయమున లోకమునకు పాఠము చెప్పినది మన దేశపు సైనికులు అనుభవించిన బాధ. 1962 చైనా యుద్ధకాలమున మైదానముల నుండి వేలకొలది సైనికులను హఠాత్తుగా హిమాలయపు ఎత్తులకు తరలింపవలసి వచ్చినది. వారిలో పెక్కురు శత్రువు గుండు తగులకయే పడిపోయిరి. ఇందర్ సింగ్ మొదలైన సైనిక వైద్యులు 1,925 మంది సైనికులను పరీక్షించి, 1969లో ప్రకటించిన వ్యాసము ఈ పర్వతవ్యాధిని గూర్చిన ప్రామాణిక రచనలలో నేటికిని లెక్కింపబడుచున్నది. యౌవనమును దేహదార్ఢ్యమును ఈ వ్యాధికి కవచములు కావని వారి అనుభవము స్పష్టపరచినది. వ్యాయామశాలకు ప్రతిదినము పోవు యువకుడు తనకేమి భయమని మొదటి దినముననే గుట్ట ఎక్కి మంచము పట్టగా, వెంట వచ్చిన అతని మేనత్త నెమ్మదిగా నడచి సుఖముగా నుండుట సంభవమే.

వైద్యులు చెప్పు నియమములు సులభమైనవి. లేహ్‌లో దిగిన మొదటి రెండు దినములు ఊరిలోనే ఉండి, మెట్లెక్కుటను సైతము తగ్గింపవలెను. 3,000 మీటర్లు దాటిన పిమ్మట, రాత్రి పండుకొను చోటును ఒక్కదినమునకు 500 మీటర్ల కంటె ఎక్కువగా పెంచరాదు. మూడు నాలుగు దినముల కొకమారు పైకెక్కుట మాని ఆగవలెను. అసిటజోలమైడ్ అను మాత్ర శ్వాసను త్వరపెట్టి సవరణకు తోడ్పడును గాని, దానిని ఇంటివైద్యుని అడిగియే పుచ్చుకొనవలెను. కూర్చున్నను ఆయాసము తగ్గకుండుట ఊపిరితిత్తులలో నీరు చేరినదనుటకును, అడుగు తడబడి మాట తప్పుట మెదడు వాచినదనుటకును గుర్తులు. అప్పుడు మరుక్షణమే క్రిందికి దింపవలెను. తెల్లవారనిమ్మని ఆగుట ప్రాణాంతకము. చిరుత ఆవలి గట్టున కనబడినదని కబురు వచ్చినను, తోడివాని తలనొప్పిని ముందు విచారింపవలసినదని ఇంత గట్టిగా చెప్పుటకు నేను సంకోచింపను.

మంజీరకు వచ్చు అతిథి

మనుష్యుడు ఇన్ని జాగ్రత్తలతో దాటవలసిన ఎత్తును, ఏటేట రెండుమార్లు దాటిపోవు ప్రాణి మన చెంతకే వచ్చుచున్నదని తెలిసినవారు కొద్దిమంది. సంగారెడ్డి వద్దనున్న మంజీర అభయారణ్యమునకు చలికాలమున వచ్చు పక్షులలో, తెల్లని తలపై రెండు నల్లచారలుగల పెద్దబాతు ఒకటి. మంగోలియా, టిబెట్టు, లడాఖు సరస్సుల ఒడ్డున వేసవియందు గ్రుడ్లు పెట్టి, చలి ముదురకముందే హిమాలయములను దాటి మన చెరువులకు దిగును. ఈ పక్షులకు చిన్న యంత్రములను కట్టి శాస్త్రజ్ఞులు వెంబడించగా, 7,290 మీటర్ల ఎత్తున ఎగిరినదియు ఉన్నట్లు తేలినది. భారతదేశపు మైదానము నుండి బయలుదేరి ఏడెనిమిది గంటలలో హిమాలయమును ఎక్కిపోవును.

దీని హిమోగ్లోబిన్‌లో జరిగిన చిన్న మార్పు వలన అది పలుచని గాలి నుండియు ప్రాణవాయువును గట్టిగా పట్టుకొనగలదు. తోడిబాతుల కంటె దీని ఊపిరితిత్తులు పెద్దవి, శ్వాస లోతైనది. పైగా పక్షులన్నిటియందును గాలి ఊపిరితిత్తుల గుండ ఒకేవైపునకు ప్రవహించుటచే క్రొత్తగాలియు పాతగాలియు మనలో వలె కలగలిసిపోవు. ఇవి పుట్టుకతో వచ్చిన ఆస్తులు. వాటికి తోడు దానికి గల వివేకము మరింత మెచ్చదగినది: ఎదురుగా కొండ వచ్చిననే ఎక్కును, లోయ వచ్చిన దిగును, ఊరక ఎత్తున నిలువదు, ప్రయాణమునకు రాత్రిని, వేకువజామును ఎన్నుకొనును. చల్లని గాలి వేడిగాలి కంటె దట్టమైనది గనుక, రెక్కకు దన్నును ఊపిరికి బలమును ఆ వేళనే ఎక్కువ.

లేహ్‌కు పోవు విమానములు సాధారణముగా ఉదయవేళలనే దిగుటకు కారణములలో ఇదియు ఒకటి. ఎండ ఎక్కినకొలది గాలి మరింత పలుచనై రెక్కలకు పట్టు తగ్గును, లోయలలో సుడిగాలులు రేగును. బాతు వేల ఏండ్ల పరంపరలో నేర్చినదానిని విమానచోదకుడు లెక్కకట్టి నేర్చుకొనెను. హైదరాబాదు యాత్రికునకు దీని ఫలితమేమనగా, శంషాబాదులో తెల్లవారి ఎక్కి అదే పూట లేహ్ చేరుదునని తలపక, ముందటి సాయంకాలమే ఢిల్లీ చేరి రాత్రి గడుపవలసియుండును. మబ్బుపట్టి విమానము రద్దగుటయు కలదు గనుక, తిరుగు ప్రయాణమున ఒక దినమును అదనముగా నుంచుకొనవలెను.

మృగముల పంచాంగము

ఇక మాసము మాట. లడాఖీ భాషలో షాన్ అని పిలువబడు మంచుచిరుత వేసవిలో లేకపోదు. మనకు అందనిచోట నుండును. అది తిను నీలిగొఱ్ఱెలును, ఐబెక్స్ అను కొండమేకలును మంచు కరిగినకొలది క్రొత్త పచ్చికను వెంబడించి శిఖరముల వైపునకు ఎక్కిపోవును. చలికాలమున ఆ పచ్చికపై మంచు కప్పగా మందలు లోయలకు దిగును, వాటివెంట చిరుతయు దిగును. జనవరి నుండి మార్చి వరకు దాని జతకట్టు కాలమగుటచే ఆ దినములలో మగదియు ఆడదియు ఎక్కువగా తిరుగాడును, బండలపై వాసనగుర్తులుంచును, ఒకదానినొకటి పిలుచుకొనును. కావున ఫిబ్రవరి, మార్చి మాసములే దానిని చూచుటకు శ్రేష్ఠములు. లేహ్‌లోనే రాత్రి చలి సున్నకు దిగువ 15 డిగ్రీలకు పడు ఆ కాలమున పోవుటకు ధైర్యము చాలనివారు వేసవిలో పోయి చిరుత కనబడలేదని నిరాశపడుట తగదు.

వేసవిలో పోవువారికి వేరొక సంపద కలదు. మే నుండి సెప్టెంబరు వరకు త్సో కార్, త్సో మొరీరి, హాన్లే ప్రాంతములలో నల్లమెడ కొంగలు గూడు కట్టును. అడవిగాడిదలు బారులుగా మేయును. మంజీరలో జనవరియందు మనము చూచిన చారలతల బాతు అక్కడ పిల్లలను వెంటబెట్టుకొని ఈదును. ఒకే పక్షిజాతిని దాని విడిదింటను పుట్టినింటను చూచు అవకాశము హైదరాబాదువాసికి లభించుచున్నది గదా యని తలచుకొన్నప్పుడు, నా మట్టుకు నాకు ఈ రెండవ ప్రయాణమే మనస్సునకు మరింత దగ్గరగా తోచును. అయితే త్సో కార్ దారి 5,300 మీటర్లకు పైబడిన తగ్లాంగ్ కనుమ మీదుగా పోవును గనుక, ఊపిరి నియమములు వేసవిలో సడలవు.

కనబడనిదానిని వెదకుట

మంచుచిరుత బూడిదరంగు ఒడలును, దానిపై మసకచుక్కలును, పడియున్న బండలలో కలిసిపోవునట్లు ఏర్పడినవి. దాని తోక ఇంచుమించు ఒడలంత పొడవు. ఏటవాలు బండలపై దుముకునప్పుడు తూకము నిలుపుటకును, పండుకొన్నప్పుడు మూతికి చుట్టుకొనుటకును పనికివచ్చును. మంగోలియాలో మెడపట్టీలు కట్టి పరిశోధించినవారు, ఒక్క మగచిరుత సగటున 200 చదరపు కిలోమీటర్ల నేలను ఏలుచున్నదని లెక్కించిరి. శంషాబాదు విమానాశ్రయమునకై సేకరించిన భూమి సుమారు 5,500 ఎకరములు, అనగా 22 చదరపు కిలోమీటర్లు. అట్టివి తొమ్మిదింటిని కలిపి, కొండలుగా నిలువబెట్టి, అందులో ఒక్క చిరుతను విడిచినట్లు భావింపుడు. 2024 జనవరిలో ప్రకటింపబడిన తొలి జాతీయ గణనలో మన దేశమున 718 మంచుచిరుతలున్నవనియు, అందు 477 లడాఖులోనివనియు అంచనా వేసిరి. 1,971 చోట్ల కెమెరాలు పెట్టగా, వాటికి చిక్కి చుక్కల తీరును బట్టి వేరువేరుగా గుర్తింపబడినవి 241.

కావున పగలెల్ల కొండలెక్కి వెదకువాడు వట్టిచేతులతోనే తిరిగివచ్చును. ఊరివారగు జాడగాండ్రు ఒక మిట్టపై ముక్కాలిమీద దూరదర్శిని నిలిపి, ఎదుటి కొండచరియను గీతగీతగా గంటల తరబడి పరికింతురు. నీలిగొఱ్ఱెల మంద మేత మాని ఒకేవైపు చూచుచున్నదా, డేగలును కాకులును ఎక్కడనైనను వాలుచున్నవా, నిన్నలేని అడుగుజాడ నేడు మంచుపై పడినదా యని గమనింతురు. చిరుత ఒక మృగమును చంపినచో దానియొద్ద కొన్ని దినములు మసలును గనుక, అట్టి చోటు తెలియుట సగము విజయము.

జాడలలో శాస్త్రమునకు ఎక్కువ మాటలాడునది దాని మలము. అత్తాపూరులో, మెహిదీపట్నము నుండి విమానాశ్రయమునకు పోవు పి.వి. నరసింహారావు వంతెనదారికి చేరువగా, అంతరించుచున్న ప్రాణుల సంరక్షణకై సి.సి.ఎం.బి. వారి లాకోన్స్ ప్రయోగశాల కలదు. మలము బయటికి వచ్చునప్పుడు ప్రేగులోపలి పొర కణములు కొన్ని దానికి అంటుకొని వచ్చును. ఆ కణములలో ప్రాణి వంశలిపి, అనగా డీఎన్‌ఏ, ఉండును. ఏ జంతువు నుండి వచ్చినదైనను ఆ లిపిలోని ఒక చిన్న భాగమును చదివి జాతిని పోల్చుకొను సార్వత్రిక పద్ధతిని లాల్జీ సింగ్, సునీల్ కుమార్ వర్మ గార్లు హైదరాబాదులోనే రూపొందించి 2003లో ప్రకటించిరి. మలము నక్కదో తోడేలుదో చిరుతదో నిర్ణయింపవచ్చును, అది మేసినది కొండమేకనో ఊరి గొఱ్ఱెనో తెలియవచ్చును. శంషాబాదు దారిలో ఆ వంతెనమీద పోవునపుడు మన యాత్రికులు ఎడమకుడి చూడక టిక్కెట్టు చూచుకొనుచుందురు. ఆ ప్రయోగశాలవంటిది మన ఊర నుండుట మనము గర్వింపదగిన విషయము.

ఊరి గొఱ్ఱె మాట తేలికగా తీసికొనదగినది కాదు. మూతలేని దొడ్డిలోనికి చిరుత దుమికినచో ఒక్కరాత్రిలో పది ఇరువది గొఱ్ఱెలు చచ్చుటయు కలదు. ఆ నష్టము భరింపలేక పూర్వము గ్రామస్థులు దానిని చంపెడివారు. హెమిస్ జాతీయోద్యానము 1981లో ఏర్పడినను, కాగితముపైని హద్దులు ఆ కక్షను మాన్పలేదు. రించెన్ వాంగ్‌చుక్ అను లడాఖీ, తాను స్థాపించిన సంస్థ ద్వారా, దొడ్లపై ఇనుపవలల కప్పులు వేయించుటయు, రుంబాక్ మొదలైన గ్రామములలో ఇల్లాండ్రు యాత్రికులకు తమ ఇంటనే బస యిచ్చి ఆదాయము పొందు ఏర్పాటు చేయుటయు ఆరంభించిన పిదప, చిరుత బ్రతికియుండుటయే ఊరికి లాభమైనది. కావున బస ఎన్నుకొనునప్పుడు లేహ్‌లోని పెద్ద హోటలు నుండి ప్రతిదినము జీపులో పోయివచ్చుట కంటె, రుంబాక్‌లోనో, ఐబెక్సులకు పేరుపొందిన ఉలేలోనో గ్రామస్థుల ఇంట దిగుట అన్నివిధముల మేలు.

సెలవు లెక్క

ఇప్పుడు లెక్క తానుగా తేలును. ఢిల్లీలో ఒక రాత్రి. లేహ్‌లో విశ్రాంతికి మూడు రాత్రులు. 4,000 మీటర్ల చెంతనుండు గ్రామమునకు చేరి, చిరుతకై ఆరు పగళ్లు, ఏలనన మొదటి రెండు మూడు దినములలో దర్శనము దొరకుట అరుదు. విమానము రద్దగునేమోయని ఒక దినము. తిరుగు ప్రయాణమునకు మరియొకటి. పన్నెండు దినములకు తక్కువ సెలవుతో ఈ యాత్రకు పూనుకొనుట మంచిది కాదని నా నిశ్చితాభిప్రాయము. ఎనిమిది దినములే దొరికినవాడు వేసవిలో పోయి, లేహ్‌లో మూడు రాత్రులుండి, కొంగలను బాతులను చూచి వచ్చుట శ్రేయము. సామాను గూర్చి చెప్పవలసినది స్వల్పము: ఒక్క మందపు కోటు కంటె పలుచని ఉన్నిబట్టలు నాలుగు వరుసలు వేసికొనుట వెచ్చన, వాటి నడుమ నిలిచిన గాలియే వెచ్చదనమును కాపాడును, కెమెరా బ్యాటరీలు చలికి సత్తువ కోల్పోవును గనుక అంగీ లోపలి జేబులో నుంచవలెను. సరిహద్దు ప్రాంతములకు అనుమతుల నియమములు తరచు మారుచుండును. బయలుదేరుటకు ముందు లేహ్ అధికారుల నుండి విచారించుకొనవలెను. గ్రామములలో ఇండ్లు కొద్ది, ఇంటికి గదులు మరింత కొద్ది. ఫిబ్రవరిలో పోదలచినవారు దసరా నాటికే వ్రాసి గది నిశ్చయించుకొని, అటుపిమ్మట టిక్కెట్లు కొనవలెను.